నీడయు యంత్రమును: నళినీ మలానీ కళాసాధన

బొంబాయి చిత్రకారుడైన అక్బర్ పదంసీ 1969 ప్రాంతమున ఒక చిన్న చలనచిత్రమును నిర్మింప నారంభించి, దానికి 'మేఘపేటికలోని సంఘటనలు' అను నర్థము వచ్చు పేరు పెట్టెను. ఆ పేరు చిత్రకళాపరిభాషకు చెందినది కాదు. భౌతికశాస్త్రజ్ఞుల ప్రయోగశాల నుండి వచ్చినది. స్కాట్లండు దేశస్థుడగు సి. టి. ఆర్. విల్సన్ 1894లో బెన్ నెవిస్ పర్వతశిఖరము మీది పరిశీలనాలయమున కొన్ని దినములు గడపెను. మేఘములపై సూర్యకాంతి పడినపుడు ఏర్పడు రంగుల వలయములను చూచి ముగ్ధుడై, అట్టి మేఘమును గాజుపాత్రలో సృష్టింప యత్నించెను. తేమతో నిండిన గాలిని హఠాత్తుగా వ్యాకోచింపజేసినచో అది చల్లబడును. అందలి ఆవిరి బిందువులుగా మాఱుటకు ఏదో యొక ఆధారము కావలెను. విద్యుదావేశము గల కణమొకటి ఆ గాలిలో దూసికొని పోయినచో దాని దారి పొడవున అయానులు ఏర్పడును. వానిపై బిందువులు కూడును. కణము కంటికి కనబడదు. అది పోయిన జాడ మాత్రము సన్నని తెల్లని గీతవలె క్షణకాలము నిలిచి కరగిపోవును. 1911లో విల్సన్ ఈ జాడలను ఛాయాచిత్రములుగా తీయగలిగెను. 1927లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

పదంసీ తన చిత్రమును కాంతితోనే చిత్రింప దలచెను. రూపములను కత్తిరించిన అట్టల గుండ రంగుల కాంతిని ప్రసరింపజేసి, ఒకే ఫిలిం తునకపై మఱల మఱల ఆ కాంతిని సోకజేసి, కుంచె యుంచిన పూతలవలె వెలుగు పొరలను ఒకదానిపై నొకటి పేర్చెను. గీతా సారాభాయి దానికి విద్యుత్‌సంగీతమును కూర్చెను. ఆఱు నిమిషముల ఆ చిత్రమునకు ఒక్క ప్రతియే యుండెను. ఢిల్లీలో జరిగిన ఒక ప్రదర్శనకై పంపబడిన ఆ ప్రతి తిరిగి రాలేదు. దశాబ్దముల తరువాత, 2016లో, దర్శకుడు అషీమ్ అహ్లువాలియా వృద్ధుడైన పదంసీతో కూడి, ఆయన జ్ఞాపకములనే ఆధారముగా గొని, అదే పేరుతో మఱియొక చిత్రమును తీసెను. మొదటి చిత్రమునకు అదియే జాడ. పదంసీ 2020 జనవరిలో మరణించెను.

ఒక కళాకారుని ఒంటరి వేడుకగా ఈ ప్రయోగమును చూచుట పొరపాటు. 1969లో జవాహర్‌లాల్ నెహ్రూ ఫెలోషిప్పు లభించినపుడు పదంసీ ఆ ధనమును తన వర్ణచిత్రములకే వెచ్చింపక, 'విజన్ ఎక్స్‌ఛేంజ్ వర్క్‌షాప్' అను పేర బొంబాయిలో ఒక కార్యశాలను నెలకొల్పెను. పదునాఱు మిల్లీమీటర్ల కెమెరాయు, చీకటిగదియు, ప్రొజెక్టరును అందు సమకూర్చబడెను. చిత్రకారులతో పాటు కుమార్ సహానీ, మణి కౌల్ వంటి దర్శకులును, ఛాయాగ్రాహకుడు కె. కె. మహాజనును, మనోవిశ్లేషణశాస్త్రము నెఱిగిన వారును అచ్చట కలిసికొనిరి. తాను గీసిన జ్యామితీయ రేఖలను రామ్ మోహన్ సహాయమున కదలించి 1970లో పదంసీ 'సిజిజీ' అను మూకచిత్రమును పూర్తిచేసెను. గ్రహగోళములు ఒకే సరళరేఖపైకి వచ్చుటను తెలుపు ఖగోళశాస్త్రపదమది. అదే కాలమున, 1969లో, అహమ్మదాబాదు నందలి జాతీయ డిజైన్ సంస్థలో అమెరికా సంగీతజ్ఞుడు డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజరును స్థాపించెను. ఆనకట్టలు, ఉక్కు కర్మాగారములు, అణుశక్తి కేంద్రములు నిర్మించుచున్న దేశము తన కళాకారుల చేతికిని కొన్ని యంత్రములను ఇచ్చుట అపుడు వింతగా తోచలేదు. అయినను కార్యశాల 1972తో ముగిసెను. ఆ చిత్రములను చూచినవారు కొలదిమంది. వానిని గూర్చి వ్రాసినవారు అంతకంటె తక్కువ. భారతీయ చిత్రకళాచరిత్రలలో చాల కాలము ఆ మూడు సంవత్సరములకు ఒక పేరాయైనను దక్కలేదు.

ఆ కార్యశాలకు వచ్చిన వారిలో నళినీ మలానీ అందఱికంటె పిన్నది. ఆమె 1946లో కరాచీ నగరమున జన్మించెను. మఱుసటి సంవత్సరమే దేశవిభజనము జరిగెను. సింధును వీడిన ఆ కుటుంబము కలకత్తాకును, పిదప బొంబాయికిని చేఱెను. ఇల్లు పోయినవారి కథలు వినుచు పెరిగిన ఈ బాలిక 1964 మొదలు 1969 వఱకు జె. జె. కళాశాలలో చిత్రలేఖనము నభ్యసించెను. విద్యార్థిదశలోనే భూలాభాయి దేశాయి స్మారక సంస్థలో ఆమెకు ఒక గది దొరకెను. ఆ భవనమున ఒక గదిలో సితారు, వేఱొక గదిలో నాట్యము, మేడపై నాటకము, ప్రక్కన చిత్రలేఖనము సాగుచుండెడివి. కళలకు నడుమ గోడలుండవలెనను భావము ఆమెకు కలుగకుండుటకు ఆ భవనమే కారణమని చెప్పవచ్చును.

కార్యశాలలో ఆమె మొదట కెమెరా లేకయే ఛాయాచిత్రములు తీసెను: కాంతికి స్పందించు కాగితముపై వస్తువులను నేరుగ ఉంచి వెలుగు సోకనిచ్చుట ఆ పద్ధతి. పిదప 1969లోనే 'స్వప్నగృహములు' అను అర్థము గల 'డ్రీమ్ హౌసెస్' అను చిన్న చలనచిత్రమును తీసెను. అట్టతో చేసిన వాస్తునమూనాపై రంగుల ఫిల్టర్ల గుండ వెలుగును మార్చుచు, ఒక్కొక్క ఫ్రేమునే విడివిడిగా తీసి కూర్చిన చిత్రమది. అందు మనుష్యులు లేరు. పసుపు, ఎఱుపు, నీలము రంగులు దీర్ఘచతురస్రములపై ఒకదాని వెంట నొకటి ప్రవహించును. జర్మనీదేశపు బౌహౌస్ కళాశాలలో మొహోలి-నాగి మున్నగువారు కాంతితో చేసిన ప్రయోగముల ఛాయ దానిపై కలదు. స్వదేశమున జరుగుచున్న ఆలోచనల ఛాయయు కలదు. 1964లో చార్లెస్ కొరియా, ప్రవీణా మెహతా, శిరీష్ పటేల్ అను మువ్వురు బొంబాయి రేవునకు ఆవలి ఒడ్డున ఒక నూతన నగరమును ప్రతిపాదించియుండిరి. 1970లో ప్రభుత్వము దానికై ఒక సంస్థను నెలకొల్పెను. బీదవానికిని వెలుతురు, గాలి గల ఇల్లు కట్టవచ్చుననియు, అది గణితముతోను సద్బుద్ధితోను సాధ్యమనియు నమ్మిన రోజులవి. ఇరువది మూడేండ్ల యువతి ఆ నమ్మకమును రంగులలో చూచెను.

ఏడేండ్లు గడచెను. నడుమ ఆమె ఫ్రెంచి ప్రభుత్వపు విద్యార్థివేతనముపై 1970 మొదలు 1972 వఱకు ప్యారిసులో నుండి వచ్చెను. 1976లో ఆమె వేఱొక చిత్రమును తీసెను. ఇది నలుపు తెలుపులలో నున్నది: ఒక యువతి ఎత్తైన ఇంటి కిటికీ కడ నిలిచి క్రిందనున్న బొంబాయిని చూచుచుండును, రేకుల కప్పులు, మురికివాడలు, సగము కట్టిన గోడలు. ఈ రెండు చిత్రములను ప్రక్కప్రక్కనే రెండు తెఱలపై చూపి, దానికి 'యుటోపియా' అని పేరిడెను. తెలుగున 'ఊహాలోకము' అనవచ్చును. ఆ సంవత్సరము అత్యవసరపరిస్థితి అమలులో నుండెను. 1976 మే నెలలో బొంబాయి నగరమున అణుపరిశోధనకేంద్రము ప్రక్కనున్న జనతా కాలనీ కూల్చబడి, వేలకొలది జనులు మఱొక చోటికి తరలింపబడిరి. మలానీ చిత్రము ఆ సంఘటనను గూర్చినది కాదు. కాని అణుశాస్త్రమునకు స్థలము కావలసివచ్చినపుడు ఇండ్లు పోవునను విషయమును ఎఱిగిన నగరమున తీయబడిన చిత్రమది. ఆమె పాత చిత్రమును తప్పని త్రోసిపుచ్చలేదు, దానిని దిద్దలేదు, దాని ప్రక్కన వేఱొకదానిని నిలిపెను. నాలుగు నిమిషములైనను లేని ఈ జంటచిత్రము, అర్ధశతాబ్దపు ఆమె కృషిలో అన్నిటికంటె పొదుపైనది. దీనిలో పదునైన మాటయొక్కటియు లేదు, దృశ్యమే అంతయు చెప్పును.

తరువాతి పదేండ్లు ఆమె వర్ణచిత్రకారిణిగనే మెలగెను. చలనచిత్రమునకు కావలసిన ధనము, యంత్రములు, సహాయకులు అపుడు ఒంటరి స్త్రీకి దొరకు వస్తువులు కావు. 1987-89 మధ్య అర్పితా సింగ్, నీలిమా షేక్, మాధ్వీ పారేఖ్ లతో కలిసి ఆమె ప్రదర్శనలు ఏర్పాటు చేసెను. స్త్రీలు తామై పూనుకొని ఊరూర నడపిన ప్రదర్శనలుగా వానికి చరిత్రలో స్థానము కలదు. అయితే ఇచ్చట చెప్పదగినది వేఱొకటి: ఆ దశకపు చివర ఆమె భూపేన్ ఖక్కర్ వద్ద నేర్చుకొన్న గాజుచిత్రపు విద్య.

గాజుపలక వెనుకవైపున చిత్రించి ముందువైపున చూచు ఈ పద్ధతి 18వ శతాబ్దమున చీనా వర్తకము వెంట భారతదేశమునకు వచ్చి తంజావూరు మున్నగు చోట్ల స్థిరపడెను. మామూలు చిత్రకారుడు మొదట భూమిక పూసి, పిదప ఆకారము నిలిపి, తుట్టతుదకు కంటిలోని మెఱుపును పెట్టును. గాజుపై ఈ క్రమమంతయు తలక్రిందులు. కంటి మెఱుపు మొదట పెట్టవలెను, ముక్కుపుడక మొదట, నుదుటి బొట్టు మొదట. ముఖమునకు రంగు తరువాత. ఆకాశము చిట్టచివర. తప్పిన గీతను పైపూతతో కప్పిపుచ్చుటకు వీలు లేదు, ఏలయన మొదటి గీతయే అందఱికంటె ముందు కనబడును. మలానీ ఈ విద్యను గాజునుండి అక్రిలిక్ పలకలకును, అచ్చటినుండి మైలార్ అనబడు పలుచని పారదర్శకమైన పాలియెస్టరు రేకునకును మార్చెను. రేకు వంగును, చుట్టవచ్చును, వ్రేలాడదీయవచ్చును. పల్లెటూరి దేవతా పటముల విద్యయు ఇరువదవ శతాబ్దపు రసాయనపరిశ్రమ సృష్టించిన పదార్థమును ఇట్లు కలిసెను. దీని ఫలము పదేండ్ల తరువాత గాని కనబడలేదు.

ఈలోగా 1992లో ఆమె బొంబాయి కెమోల్డ్ చిత్రశాలలో గోడలపైననే చిత్రములు గీసెను. అమ్ముటకు ఏమియు లేదు. ప్రదర్శన ముగిసినపుడు గోడకు సున్నము వేయబడెను. ఆ సంవత్సరము డిసెంబరులో అయోధ్యలోని మసీదు కూల్చబడెను. ఆ నెలలోను, 1993 జనవరిలోను బొంబాయి అల్లర్లతో రగిలెను. తరువాతి సంవత్సరములలో ఆమె పలు దేశములలో ఇట్లే గోడపై గీచి, ముగింపు నాడు చెఱపించుటను ఒక ఆచారముగ పాటించెను. కొందఱు విమర్శకులు దీనిని వైరాగ్యమని మెచ్చుకొనిరి. వైరాగ్యమనుట సరికాదేమో. చెఱపివేయుట ఎట్లుండునో కన్నుల యెదుట చూపుటయే ఆమె ఉద్దేశమని తోచును.

1998 మే 11, 13 తేదీలలో భారతదేశము పోఖ్రానులో అణ్వస్త్రపరీక్షలు జరిపెను. అదే నెల 28, 30 తేదీలలో పాకిస్థాను తన పరీక్షలు జరిపెను. రెండు దేశములలోను మిఠాయిలు పంచబడెను. కరాచీలో పుట్టి బొంబాయిలో పెరిగినవారికి ఆ మిఠాయి ఎట్లు రుచించునో ఊహించుట కష్టము కాదు. మలానీ 1998-99లో 'టోబా టేక్ సింగు స్మరణ' అను వీడియో ప్రదర్శనను నిర్మించెను. సాదత్ హసన్ మంటో కథ ఎఱుగనివారు అరుదు: దేశవిభజనానంతరము రెండు ప్రభుత్వములు తమ పిచ్చివారిని కూడ మతము ననుసరించి మార్చుకొనును, తన ఊరు ఏ దేశమున నున్నదో తేల్చుకొనలేని బిషన్ సింగ్ రెండు సరిహద్దుకంచెల నడుమనున్న నేలపై పడి మరణించును.

మలానీ దీనిని చిత్రశాలలో గాక బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియమునకు ఉద్దేశించెను. చిత్రశాలకు రసికులు వత్తురు; మ్యూజియమునకు సెలవుదినమున పిల్లలతో సంసారులు వత్తురు, పరదేశమునుండి వచ్చిన యాత్రికులు వత్తురు. చీకటి చేసిన హాలులో నేలపై పండ్రెండు రేకు పెట్టెలు మూతలు తెఱచి యుండును. విభజన నాడు శరణార్థులు మోసికొని వచ్చినవి అట్టి పెట్టెలే. పెట్టెలోపల పరుపు నడుమ ఒక టెలివిజను. దానిలో ఇల్లు విడిచి పోవువారి దృశ్యములు. ఎదురెదురు గోడలపై ఇద్దఱు స్త్రీలు ఒక చీరను మడచుటకు యత్నించుచుందురు. ప్రతి ఇంటను చూచు పనియే యది. ఇద్దఱు చెఱియొక కొన పట్టుకొని దగ్గరకు వచ్చినగాని మడత కుదరదు. ఇచ్చట ఆ యిద్దఱి నడుమ హాలంతయు నున్నది, చూచువారు నిలుచున్నదియు ఆ నడుమనే. వేఱొక గోడపై హిరోషిమా, నాగసాకి నగరములపై లేచిన పొగమేఘము. విల్సన్ పాత్రలోని మేఘము కణపు జాడను చూపినది. ఈ మేఘము ఆ కణశాస్త్రపు మఱొక కొన. మలానీ ఈ పోలికను ఎచ్చటను చేయలేదు. కాని పదంసీ కార్యశాలలో మేఘపేటికను గూర్చి వినిన యువతియే ముప్పదియేండ్లకు ఈ మేఘమును తెఱపై నిలిపినదని చరిత్రకారుడు గుర్తింపకుండుట సాధ్యము కాదు.

2001 నుండి గాజువిద్య ఫలించెను. 'ట్రాన్స్‌గ్రెషన్స్' అను ప్రదర్శనమున పైకప్పునుండి పెద్ద మైలార్ గొట్టములు వ్రేలాడును. వాని లోపలివైపున బొమ్మలు చిత్రింపబడియుండును. చిన్న మోటారు వానిని మెల్లగా త్రిప్పును. ప్రొజెక్టరు కాంతి ఆ రేకుల గుండ పోవునపుడు గోడపై రెండు చిత్రము లొకేసారి పడును: ఒకటి వీడియో, రెండవది తిరుగుచున్న బొమ్మల నీడ. రంగు పలుచగ నున్న చోట నీడకు రంగుండును. దట్టముగ నున్న చోట నలుపు. గొట్టము తిరుగుచుండుటచే దగ్గరి గోడపై బొమ్మలు ఒక దిక్కునకును, ఎదుటి గోడపై వేఱొక దిక్కునకును సాగును. చూచుటకు వచ్చినవాని నీడయు వానిలో కలియును.

దక్షిణదేశము నెఱిగినవారికి ఇచ్చట తోలుబొమ్మలాట స్ఫురించుట సహజము. ఆంధ్రదేశపు తోలుబొమ్మలు కూడ పలుచగ చేసి రంగులద్దిన తోలుతో చేయబడి, దీపము వెలుతురున తెఱపై రంగునీడలను పఱచును. కాని పోలిక అంతటితో సరి. తోలుబొమ్మను ఆడించువాని చేయి కథ ననుసరించి కదలును. రాముడు వచ్చుటకు ఒక సమయము, రావణుడు పడుటకు ఒక సమయము కలవు. మోటారుకు కథ తెలియదు. 2012లో జర్మనీ నందలి కాసెల్ నగరమున 'డాక్యుమెంటా' ప్రదర్శనకై మలానీ చేసిన 'ఇన్ సెర్చ్ ఆఫ్ వానిష్డ్ బ్లడ్' లో ఐదు గొట్టములు నిమిషమునకు నాలుగు మాఱులు చొప్పున తిరిగెను. ఆ పేరు ఫైజ్ అహ్మద్ ఫైజ్ ఉర్దూ కవిత నుండి గ్రహింపబడినది. చిందిన రక్తమునకు జాడ ఎచ్చటను లేకుండుటను గూర్చిన కవిత యది. వరుసగ దృశ్యము చెడి, మఱల కూడి, మఱల చెడుచుండును. అపరాధి వచ్చును, పోవును, మఱల వచ్చును. శిక్ష పడు అంకము మాత్రము రాదు. యంత్రపు గతియే ఇచ్చట అర్థమైనది.

కళాచరిత్రతో ఆమెకు గల వ్యవహారము ఇంకను చిక్కైనది. 1889 ప్రాంతమున రాజా రవివర్మ మైసూరు సంస్థానమునకై చిత్రించిన 'గాయకీమణుల గోష్ఠి' అనదగు పటమున దేశపు పలు ప్రాంతములకు చెందిన పదునొకండుగురు స్త్రీలు వాద్యములతో కూర్చుండియుందురు. భిన్నత్వమున ఏకత్వమను మాట రాజకీయములలో వినబడుటకు ముందే దాని చిత్రము సిద్ధమైనదన్నమాట. రవివర్మ 1894లో బొంబాయిలో జర్మను యంత్రములతో అచ్చుకూటము పెట్టెను. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాయి చొప్పున చిత్రించి, ఒకే కాగితముపై వరుసగ అద్ది తీయు ఓలియోగ్రాఫులు వెలువడెను. దేవతలు పటములై దేశమందలి ఇండ్ల గోడలకెక్కిరి. కలకత్తాలో కాళీఘాట్ పటువాలు చేతితో గీచి అమ్ము బొమ్మలకు గిరాకి క్షీణించెను. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో ఆ వృత్తియే అడుగంటెను. యంత్రము ఒక కళను ఇంటింటికి చేర్చుచు వేఱొకదానిని వీథిపాలు చేయునని ఈ చరిత్ర తెలుపును. మలానీ తన గొట్టములపై గీచిన బొమ్మలలో కాళీఘాట్ వంపులు కనబడుట అందువలన కేవలము అలంకారము కాదు.

2003లో ఆమె ఆ రవివర్మ పటమునే తీసికొని 'యూనిటీ ఇన్ డైవర్సిటీ' అను వీడియోను నిర్మించెను. ఎఱ్ఱని గోడలు గల మధ్యతరగతి ఇంటి ముందుగది. కుర్చీలు, దీపము, గోడపై ఛాయాచిత్రములు. వాని నడుమ బంగారుచట్రములో రవివర్మ స్త్రీలు వాయించుచుందురు. ఇంతలో తుపాకి ప్రేలును, సంగీతము చెదరును, ముఖములపై వేఱు దృశ్యములు పొరలుగ పడును. 2002లో గుజరాతులో జరిగిన హింసాకాండ దీనికి నేపథ్యము. రవివర్మను ఎగతాళి చేయుట ఆ రోజులలో తేలిక పని, పలువురు చేసిరి. మలానీ అట్లు చేయలేదు. ఆ పటమును ఇంటిలో వ్రేలాడదీసికొని తృప్తిపడిన వారి గదిలోనికి ఆమె ప్రవేశించెను.

2017 తరువాత ఆమె ఐప్యాడుపై వ్రేలితో గీయుట ఆరంభించెను. కార్యశాలలో ఒక్కొక్క ఫ్రేమునకై దీపములు మార్చుచు గడపిన గంటలు ఇపుడు అక్కఱలేదు. ప్రయాణములోను, నిద్ర పట్టని వేళను గీయవచ్చును. 2018లో జమ్మూ ప్రాంతమున ఎనిమిదేండ్ల బాలికపై జరిగిన అత్యాచారము, హత్య ఆమెను కలచివేసెను. 'నా మాట వినబడుచున్నదా' అను నర్థము గల పేరుతో ఎనుబది యెనిమిది చిన్న కదలుచిత్రములు వెలసెను. గోడలనిండ అవి గీతలై, వ్రాతలై, పిల్ల గంతులై, ముఖములై పొంగివచ్చి మాయమగును. 2020లో లండను వైట్‌చాపెల్ చిత్రశాలలో అవి ప్రదర్శింపబడెను.

లండను నేషనల్ గ్యాలరీ తన తొలి సమకాలిక ఫెలోషిప్పును ఆమెకు ఇచ్చెను. ఆ సంస్థ 1824లో జాన్ జూలియస్ ఆంగర్‌స్టీన్ వద్దనుండి కొనిన 38 చిత్రములతో మొదలైనది. ఆయన నౌకాబీమా వర్తకుడు; బానిసల శ్రమపై నడచిన కరీబియను తోటలతో ఆయనకు సంబంధము కలదు. చిత్రములు చూచువారికి ఇది సామాన్యముగ తెలియదు. మలానీ కరవాజియో, బ్రొంజినో మున్నగువారి చిత్రముల యందలి ఒక చేతిని, ఒక ముఖమును, ఒక బల్లమూలను విడదీసి, వానిపై తన గీతలను నడపించి ఇరువదియైదు కదలుచిత్రములను కల్పించెను. 'నా వాస్తవము వేఱు' అని దాని పేరు. 2022 చివర బాత్ నగరపు హోల్బర్న్ మ్యూజియములోను, 2023లో నేషనల్ గ్యాలరీలోను, తొమ్మిది ప్రొజెక్టరుల సహాయమున నలువది మీటర్ల పొడవున అవి చూపబడెను.

ఈ చివరి ప్రదర్శనలను గూర్చి ఒక సందేహమును దాచుట న్యాయము కాదు. చేయి సులువైన కొలది గీతలు ఎక్కువగును. నలువది మీటర్ల గోడపై అన్నియు ఒకేసారి కదలుచుండగా కన్ను దేనిపైనను నిలువదు. వ్రాతలు చదువబోవు లోపలనే పోవును. కరవాజియో చేయి ఎవరిదో తెలియకముందే దానిపై వేఱొక బొమ్మ వచ్చును. నేటి మనస్సు ఇట్లే యున్నదని సమాధానము చెప్పవచ్చును. 'యుటోపియా'లో రెండే తెఱలు, ఒకే కిటికీ ఉండెను. దానిని చూచినవాడు మఱువడు. యంత్రము బరువుగ, ఖరీదుగ, మొండిగ నున్నపుడు కళాకారిణికి విధించిన మితము, యంత్రము వ్రేలిక్రిందికి వచ్చినపుడు ఆమెయే తనకు విధించుకొనవలసివచ్చెను. అది అన్ని చోట్లను జరుగలేదు.

గౌరవములు ఆలస్యముగనైనను వచ్చెను: 2013లో జపాను నందలి ఫుకువోకా బహుమానము, 2017-18లో ప్యారిసు పాంపిడూ కేంద్రమున సమగ్రప్రదర్శన, 2019లో జోన్ మీరో బహుమానము, 2023లో క్యోటో బహుమానము. పదంసీ కార్యశాలలో తీసిన చిన్న చిత్రములు కూడ వెలికివచ్చి, ఇపుడు వర్ణచిత్రములకు ముందే ఆమె ప్రస్థానపు తొలి పుటలుగ చూపబడుచున్నవి. చలనచిత్రపు చుట్టలు పెట్టెలలో నిలిచియుండుటయే దీనికి కారణము. పదంసీ చుట్ట నిలువలేదు.

ఇట్టి కృతులను కాపాడువారికి కొత్త చిక్కులు కలవు. వర్ణచిత్రమునకు తేమయు ఎండయు శత్రువులు. వీడియోకు శత్రువు విపణి. ఫిలిం నుండి టేపునకు, టేపునుండి డిస్కునకు, డిస్కునుండి ఫైలునకు దృశ్యమును మార్చుచునే యుండవలెను. ప్రతి మార్పునందును వెలుగు కొంత మాఱును. టోబా టేక్ సింగు ప్రదర్శనమున పెట్టెలలో నుంచిన టెలివిజనులు 1998 నాటివి, లోతైన గాజుగొట్టము గలవి. పెట్టె నిండుటకు ఆ లోతే కారణము. అట్టి గొట్టముల తయారీ దాదాపు నిలిచిపోయినది. నేటి పలుచని తెఱను అమర్చినచో పెట్టెలో చాల భాగము ఖాళీగ నుండును. పరుపు క్రిందికి జారును. దూరమునుండి చూచినపుడు పెట్టెలోని వెలుగు పైకి పొంగదు. పాత టెలివిజనులను వెదకి కొని బాగుచేయించుటయా, కొత్త తెఱతో సరిపెట్టుకొనుటయా అనునది ఆ కృతిని మఱల చూపబోవు ప్రతి మ్యూజియమును తేల్చుకొనవలసిన విషయము. రేకు పెట్టెలు మాత్రము బజారులో నేటికిని దొరకును.